చింతవేళ దొరికిన ఆదరణ – తోటల తెలుగువారూ, క్రైస్తవ విశ్వాసమూ

మన పూర్వికులు మలయా దేశానికి వచ్చిన చరిత్రను వ్రాసినవారు ఓడల సంగతి వ్రాశారు, కూలి రేట్లు వ్రాశారు, ఏ సంవత్సరం ఎంతమంది వచ్చి దిగారో లెక్కలు వేశారు. అవన్నీ అవసరమైన విషయాలే. కాని ఆ మనుషులు రాత్రివేళ లైను ఇంట్లో చాప మీద పడుకొని దేనికి దిగులుపడ్డారు, ఆ దిగులును ఎలా దిగమింగుకొని తెల్లవారకముందే లేచి హాజరు పిలుపుకు వెళ్ళారు అన్నది ఏ లెక్కలోనూ దొరకదు. ఆ సంగతి తెలుసుకోకపోతే మనవారి చరిత్ర మనకు సగమే తెలిసినట్లని మేము అనుకుంటాము.

ఈ వ్యాసంలో ఆ దిగులును గురించీ, దానికి మనవారిలో కొందరు క్రైస్తవ విశ్వాసంలో పొందిన ఆదరణను గురించీ చెప్పదలచుకున్నాము. మనలో ఎక్కువమంది రామమందిరంలో భజన చేసి, ఉగాది, సంక్రాంతి జరుపుకొనేవారే. క్రైస్తవులు కొద్దిమంది. కొద్దిమంది కావడం వల్ల వారి కథ మన సభలలో అంతగా వినబడలేదు. వినబడినప్పుడు కూడా "బియ్యం కోసం మతం మారారు" అనే ఒక్క మాటతో తేలిపోయేది. ఆ మాట ఎంతవరకు నిజమో ఒకసారి నిదానంగా చూడడం మంచిది. ఎవరి మతాన్నీ పొగడడానికి గాని, ఎవరినీ ఒక మతం వైపు త్రిప్పడానికి గాని ఇది వ్రాయడం లేదని పాఠకులు గ్రహించాలి.

దిగులు ఎక్కడ పుట్టింది?

మేము ఉండే కౌలా సెలంగోర్ జిల్లానే తీసుకుందాము. సెలంగోర్ నది సముద్రంలో కలిసే చోట బుకిట్ మెలావతి కొండ ఉంది. 1784లో డచ్చివారు దాడి చేసి పట్టుకున్న కోట ఆ కొండ మీదిదే. ఆ తరువాత నూరేళ్ళకు పైగా గడిచాక ఈ ప్రాంతంలో అడవి కొట్టి తోటలు వేశారు. 1905లో మలయాకు వచ్చిన ఆంరీ ఫోకోనియే అనే ఫ్రెంచి దొర ఇక్కడి రంతావ్ పంజాంగ్ దగ్గర రబ్బరు తోట పెట్టాడు. 1917లో ఆయన తెన్నమారం ఎస్టేటులో వేయించినదే ఈ దేశంలో వ్యాపారం కోసం వేసిన మొదటి పామాయిలు తోట. ఆ దొరే తరువాత మలయా జీవితం మీద నవల వ్రాసి, 1930లో ఫ్రాన్సు దేశపు గాన్‌కూర్ బహుమతి అందుకున్నాడు. దొర మనసులో ఏముండేదో ఆ నవల చదివి తెలుసుకోవచ్చు. తోటల కూలీలలో చాలామందికి అక్షరాలు రావు. వారి మనసును మనమే ఊహించి తెలుసుకోవాలి.

వారి దిగుళ్ళలో మొదటిది అప్పు. ఒప్పందపు కూలీ పద్ధతి మలయాలో 1910 వరకు సాగింది. ఆ రోజులలో ఓడ ఖర్చు కూలివాని పేరునే అప్పుగా పడేది. ఒప్పందం తీరకుండా తోట విడిచి వెళ్ళడం నేరమై, జైలు దాకా పోయేది. తరువాత కంగాణి పద్ధతి వచ్చింది. ఊరికి వెళ్ళి మనుషులను పోగుచేసి తెచ్చేదీ, తోటలో వారి మీద పెత్తనం చేసేదీ, అవసరానికి వారికి బదులిచ్చేదీ ఆ కంగాణియే. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీలను పంపడం నిలిపివేసే వరకు మనవారు చాలామంది ఆ దారినే వచ్చారు.

రెండవది జ్వరం. ఈ తీరమంతా మలేరియాకు పుట్టినిల్లు. డాక్టర్ మాల్కమ్ వాట్సన్ 1901 నుండి క్లాంగు పట్టణంలో మురుగు కాలువలు త్రవ్వించి, నిలవ నీటిని తీయించి దోమలను తగ్గించాడు. ఆ పని లోపలి తోటలన్నిటికీ చేరడానికి ఏళ్ళు పట్టింది. అంతవరకు ఒక ఇంట్లో తండ్రి, మరొక ఇంట్లో బిడ్డ అలా వెళ్ళిపోతూనే ఉన్నారు.

మూడవది, ఎక్కడో జరిగిన నిర్ణయం వచ్చి ఇక్కడ నెత్తిన పడడం. 1930లో రబ్బరు ధర పడిపోయినప్పుడు, ఆ రెండు మూడేళ్ళలో లక్షన్నరకు పైగా భారతీయులను తోటల నుండి తిరిగి ఇండియాకు పంపివేశారు. 1942లో జపానువారు వచ్చాక సయాం–బర్మా రైలుమార్గం పనికి సెలంగోర్ తోటల నుండి కూడా మగవారిని పట్టుకుపోయారు. 1942 అక్టోబరు నుండి 1943 అక్టోబరు వరకు సుమారు 415 కిలోమీటర్ల దారి వేశారు. ఆ పనికి తీసుకుపోయిన ఆసియా కూలీలలో సుమారు 90,000 మంది చనిపోయారని అంచనా. వారిలో తమిళులూ, తెలుగువారూ చాలామంది. ఎంతోమంది భార్యలకు భర్త చనిపోయిన తేదీ కూడా తెలియలేదు. ఆ పిమ్మట 1969లో పౌరసత్వం లేనివారికి పని పర్మిట్ ఉండాలన్న నియమం గట్టిగా అమలైంది. ఎర్ర కార్డు చేత పట్టుకొని, ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్లలను చూసుకుంటూ, ఉండాలా పోవాలా అని తేల్చుకోలేక సుమారు 60,000 మంది భారతీయ తోటకూలీలు ఆ కాలంలో వెళ్ళిపోయారని చెబుతారు.

ఈ దిగుళ్ళన్నిటికీ ఒక పోలిక ఉంది. రేపు ఏమవుతుందో తన చేతిలో లేదు. తనకు మాట చెప్పేవారు లేరు, తన మాట వినేవారూ లేరు. దానికి అడుగున ఇంకొక భయం ఉండేది. ఈ పరాయి మట్టిలో తాను కన్ను మూస్తే తన పేరు చెప్పి ఏడ్చేవారు ఉంటారా అన్నది ఆ భయం. హాజరు పట్టీలో మనిషికి అంకె ఉంటుంది గాని, ఆ అంకె చనిపోతే ఎవరూ ఏడవరు కదా.

విశాఖ తీరంలో తెలుగు సువార్త

మన పెద్దలలో చాలామంది విశాఖపట్టణం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుండి వచ్చినవారు. ఆ తీరంలో క్రైస్తవ బోధ చాలా ముందుగానే తెలుగులో మొదలైంది. లండన్ మిషనరీ సంఘానికి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అనే ఇద్దరు 1805లో విశాఖపట్టణం వచ్చారు. ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో వారు సువార్తలను తెలుగు చేయసాగారు. క్రాన్ 1809లోనూ, డెగ్రాంజి 1810లోనూ మరణించారు. వారు పోయిన తరువాత 1812లో శ్రీరామపురంలో ఆ సువార్తలు అచ్చయ్యాయి. 1874లో కెనడా బాప్తిస్టులు కాకినాడలో పని ప్రారంభించి, ఉత్తరాన బొబ్బిలి, శ్రీకాకుళం వైపు సాగారు.

అచ్చు పుస్తకం వచ్చినంత మాత్రాన అక్షరం రాని కూలివానికి అది చేరదు. అతనికి చేరినది పాట. ఇక్కడ పురుషోత్తమ చౌదరిగారిని తలచుకోవాలి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 వరకు జీవించిన ఈ పెద్దమనిషి శ్రీకాకుళం, విశాఖ, బరంపురం ప్రాంతాలలో తిరిగి బోధించారు. ఆయన కట్టిన కీర్తనలు నేటికీ ఆంధ్ర దేశపు చర్చీలలో పాడుతున్నారు. తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరచి చూస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి కనబడతాయి. భజనలో తాళం వేసిన చేయి ఆ పాటకు కూడా తాళం వేయగలదు. విశ్వాసం కొత్తది, గొంతు పాతది. అందువల్ల ఊరు మారినా, దేశం మారినా ఆ పాట మనిషి వెంట వచ్చింది.

కరువులో కాలువ పని

ఇప్పుడు "బియ్యం కోసం" అన్న మాటకు వద్దాము. ఆ మాట పుట్టడానికి కారణం 1876–78 నాటి గొప్ప కరువు. మద్రాసు రాజధానిలో లక్షలాది జనం ఆకలితో చనిపోయారు. ఎన్నో కుటుంబాలు ఓడలెక్కి కడలి దాటడానికి అటువంటి కరువులే ఒక కారణం. అప్పుడు ఒంగోలులో అమెరికా బాప్తిస్టు మిషనుకు జాన్ క్లౌ అనే దొర ఉండేవాడు. బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్ళ భాగాన్ని ఆయన కంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి పని ఇచ్చాడు. మట్టి తవ్వి గంపలకెత్తి మోసే ఆ కూలీలపై మేస్త్రీలుగా ఉన్నది తెలుగు బోధకులే. పని మధ్య విశ్రాంతి వేళ వారు కూలీల ప్రక్కన కూర్చొని మాట్లాడేవారు. బరువులు మోసి అలసినవారిని దగ్గరకు రమ్మని యేసు పిలిచిన మాట మత్తయి సువార్త 11వ అధ్యాయంలో ఉంది. గంప మోసేవానికి ఆ మాట తన కోసమే చెప్పినట్లు వినబడి ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం ముఖ్యంగా గమనించాలి. కరువు సాయం సాగుతున్నంత కాలం క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవారెవరో, నమ్మి వచ్చినవారెవరో తెలియదన్నది ఆయన శంక. సాయం ముగిసిన తరువాత కూడా జనం వచ్చి అడిగారు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో చాలామంది మాదిగవారు. ఊరి బావి దగ్గరకు, గుడి గుమ్మం దగ్గరకు రానివ్వనివారు. వారికంటె పన్నెండేళ్ళు ముందుగా, 1866లో, తాళ్ళకొండపాడు గ్రామానికి చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. పేరయ్య అంతకు ముందే గురువుల దగ్గర యోగం అభ్యసించి దేవుని వెతికిన మనిషి. ఊరూరా నడిచి తనవారికి చెప్పినది ఆయనే. 1878 నాటి జనం వెనుక ఆ నడక ఉంది.

కాబట్టి బియ్యం లేదనలేము. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం ఏ మతంలోనూ తప్పు కాదు. కాని అన్నం పెట్టడం ఆగిన తరువాత వచ్చినవారి సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. వారు అన్నంతో పాటు మరొకటి కోరారు. తమను పేరు పెట్టి పిలిచేవారిని, తమ ప్రక్కన కూర్చునేవారిని కోరారు.

నేటాలుకు వెళ్ళిన రంగయ్యగారు

కడలి దాటిన తెలుగు కూలీలకు ఆ ఆదరణ ఎలా చేరిందో చూపడానికి మనకు తెలిసిన మంచి ఉదాహరణ దక్షిణాఫ్రికాలోని నేటాలు. మన బంధువుల వంటివారే అక్కడ ఉన్నారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి మొదటి ఒప్పందపు కూలీలను డర్బను రేవులో దింపింది. 1911లో ఆ పద్ధతి ఆగేలోగా 1,52,000 మందికి పైగా వెళ్ళారు. చెరకు తోటలలో అయిదేళ్ళ ఒప్పందం. చీటీ లేకుండా తోట దాటి వెళ్ళకూడదు. 1895 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం తీరినవారు తిరిగి ఒప్పందం చేసుకోకుండా, ఇండియాకూ పోకుండా అక్కడే ఉంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. తోటకూలికి అది కొన్ని నెలల సంపాదన. అందుచేత ఒప్పందం తీరే రోజు దగ్గరపడిన కొద్దీ సంతోషానికి బదులు దిగులే పెరిగేది.

ఆ కూలీలలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్తిస్టులు కొందరున్నారు. ప్రార్థన చేసుకొనేవారు గాని వారికి కాపరి లేడు. వారి కోసం తెలుగు బాప్తిస్టులు తమ స్వదేశ మిషనరీ సంఘం ద్వారా 1903లో జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపారు. ఇది చిన్న విషయం కాదు. అంతవరకు మిషనరీ అంటే అమెరికా నుండో, ఇంగ్లండు నుండో వచ్చే దొర. ఇక్కడ తెలుగు సంఘం తన పైసలు పోగుచేసి, తన మనిషిని, తన కూలీల దగ్గరకు సముద్రం మీద పంపింది. తేయాకు, చెరకు తోటలున్న కియర్స్‌నీ అనే చోట ఆ సంవత్సరం చివరనే తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. తోట దాటి కూలీలు రాలేరు కాబట్టి రంగయ్యగారే తోట తోటకూ తిరిగేవారు. 1915లో మరణించే వరకు ఆయన ఆ దేశంలోనే పనిచేశారు. అక్కడి తెలుగు సంతతివారు ఆయన పేరు ఇప్పటికీ తలచుకుంటారు.

ఆయన వారికి పన్ను తగ్గించలేకపోయారు, ఒప్పందం రద్దు చేయలేకపోయారు. అయితే తమ మాటలో తమ బాధ వినే మనిషి ఒకడు వెతుక్కుంటూ వచ్చాడు. బిడ్డ పుడితే పేరు పెట్టడానికి, పెళ్ళి జరిపించడానికి, మనిషి పోతే సమాధి దగ్గర తెలుగులో నాలుగు మాటలు చెప్పడానికి ఒకరున్నారు. పైన మేము చెప్పిన అడుగు భయానికి ఇది సూటి జవాబు.

అయితే పన్ను సంగతి ఏమయింది? అది ప్రార్థన ఒక్కదానితో పోలేదు. 1913లో నేటాలు బొగ్గు గనులలో మొదలైన సమ్మె చెరకు తోటలకు ప్రాకింది. గాంధీగారి నాయకత్వాన వేలాది కూలీలు పని మానివేసి, దెబ్బలకు, జైలుకు ఓర్చుకున్నారు. 1914లో ఆ పన్ను రద్దయింది. ఆ ఏడాది జనవరిలో గాంధీగారికి తోడుగా డర్బను వచ్చిన సి. ఎఫ్. ఆండ్రూస్ క్రైస్తవ పాదిరి. ఆయనే 1915లో ఫిజీ వెళ్ళి, అక్కడి తోటలలో మన కూలీల దుస్థితిని చూసి లోకానికి చెప్పి, ఒప్పందపు పద్ధతి తొలగడానికి గట్టిగా పోరాడారు. విశ్వాసం దిగులును ఓదార్చి ఊరుకోవలసిన పని లేదు. దిగులు పుట్టించే కారణాన్ని తీసివేయడానికి కూడా పూనుకోగలదని ఆయన జీవితం చూపింది. ఓదార్పు పేరు చెప్పి కూలీని నోరు మూసుకొమ్మనే బోధ ఆదరణ కాదు. అది యజమానికి మాత్రమే ఆదరణ.

మన మలయాలో

మన దేశానికి క్రైస్తవ మిషన్లు ఎన్నో వచ్చాయి. పారిస్ మిషను కథోలిక పాదిరులు ముందునుండీ ఉన్నారు. మెథడిస్టులు 1885లో సింగపూరులో ప్రారంభించారు. తమిళ లూథరన్ల పని 1907లో మొదలై, కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో 1924లో జియోను దేవాలయం కట్టుకునేదాకా పెరిగింది. మా జిల్లాలో ఒకప్పుడు బాతాంగ్ బెర్జుంతాయ్ అని పిలిచిన బెస్తారి జయలో సెయింట్ పాల్ పేరిట కథోలిక దేవాలయం ఉంది. ఇవన్నీ తోటలవారికి చాలా మేలు చేశాయి. కాని భారతీయుల కోసం జరిగే ఆరాధన ప్రధానంగా తమిళంలో సాగింది. తోటలలో తమిళులే ఎక్కువ కాబట్టి అది సహజమే. ఇందులో ఎవరి తప్పూ లేదు.

దాని ఫలితం మాత్రం మనం గుర్తించాలి. తెలుగు క్రైస్తవ కుటుంబాలు చర్చిలో తమిళం, బడిలో తమిళమో మలాయో ఇంగ్లీషో, పనిలో అన్నీ కలిసిన మాట మాట్లాడారు. తెలుగు ఇంటి గుమ్మం దాటలేదు. హిందువులైన మనవారికి రామమందిరం ఒక తెలుగు చోటుగా నిలిచింది. క్రైస్తవులైన మనవారికి అటువంటి చోటు అరుదు. తమిళ పాట అర్థం కాక కాదు. చింత వచ్చినప్పుడు మనిషి తల్లి మాటలోకి తిరిగి వెళ్తాడు, అంతే.

మా చిన్ననాట తోటలో ఒక ముసలమ్మ ఉండేది. రైలు పనికి పోయిన మగడు తిరిగి రాలేదు. ఆదివారం అందరితో కూడ చర్చిలో తమిళ కీర్తన పాడేది. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చొని మాత్రం తెలుగు కీర్తన అందుకొనేది. అందులో సగం మాటలు మరచిపోయి, మరచిన చోట రాగం తీసి, మళ్ళీ గుర్తున్న చోట మాట కలిపేది. పిల్లలమైన మేము నవ్వేవారము. అక్షరాలు రాని ఆ మనిషికి ఆ పాటే పుస్తకమని, మరచిపోయిన ప్రతి మాటా ఒక పేజీ చిరిగిపోవడం వంటిదని పెద్దయ్యాక, సంఘపు తరగతులలో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాక మాకు తెలిసింది.

ఆదరణ అంటే ఏమిటి?

తెలుగు బైబిలులో "ఆదరణ" అన్నది తరచుగా కనబడే మాట. మన వాడుకలో ఆదరించడం అంటే ఇంటికి వచ్చినవానిని పీట వేసి కూర్చోబెట్టడం, మంచినీళ్ళిచ్చి కుశలం అడగడం. దిగులు తీసివేయడమని దాని అర్థం కాదు. దిగులుతో వచ్చిన మనిషిని ఒంటరిగా నిలబెట్టకపోవడం దాని అర్థం. ఒంగోలు కాలువ గట్టు మీద, నేటాలు చెరకు తోటలో, మన రబ్బరు తోట లైన్లలో జరిగినది ఇదే.

అది మనుషులకు ఎలా పనిచేసిందో ఆలోచిస్తే నాలుగు విషయాలు కనబడతాయి. మొదటిది, దిగులును నోటితో చెప్పడం. ప్రార్థనలో మనిషి తన అప్పును, జ్వరాన్ని, తిరిగిరాని మగని పేరును పైకి చెబుతాడు. లోపల ముద్దగా ఉన్నది మాటగా మారితే సగం బరువు దిగుతుంది. రెండవది, అది నలుగురిలో జరగడం. ఒకరి కష్టం మిగిలినవారికి తెలుస్తుంది. తెలిసినవారు గిన్నెడు గంజి పట్టుకొని వస్తారు. మూడవది, రేపటిని రేపటికి విడవడం. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, కొండ మీది ప్రసంగంలో, యేసు తిండిని గురించీ బట్టను గురించీ చింతపడేవారితో మాట్లాడుతూ పక్షులను, పొలంలో పూచే పువ్వులను చూపుతాడు. వినేవారు కడుపు నిండినవారు కాదు. నాటి పాలస్తీనా రైతులు, జాలరులు, రోజు కూలీలు. అందుకే రోజు కూలి తిన్న మనవారికి ఆ మాట దగ్గరయింది. పని మానుకొమ్మని అందులో లేదు. ఈ రోజు పని ఈ రోజు చేసి, రాత్రి నిద్రపోవచ్చునని ఉంది. నాలుగవది సమాధి. చనిపోయినవాని పేరు చెప్పి, అందరూ నిలబడి పాడి, మట్టి వేసి వస్తారు. ఎవరూ లేనివాడు కూడా పేరు లేకుండా పోడు.

ఈ నాలుగూ క్రైస్తవులకే సొంతమని మేము అనము. రామభజనలో గొంతు కలిపినవారికీ, అమ్మవారికి మ్రొక్కుకున్నవారికీ ఇందులో చాలా భాగం దొరికింది. అందుకే ఒకే లైనులో ఆ ఇంట్లో భజన, ఈ ఇంట్లో ప్రార్థన జరిగినా తగవు పుట్టలేదు. జ్వరం వచ్చినప్పుడు కాపలా కూర్చున్నది ఏ ఇంటివారని ఎవరూ అడగలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. దిగులు రోగమై నిద్ర, ఆకలి పోయినప్పుడు, బ్రతుకు మీద విరక్తి కలిగినప్పుడు ప్రార్థనతో పాటు వైద్యుని సాయం కూడా తీసుకోవాలి. వాట్సన్ కాలువ త్రవ్వించకుండా మలేరియా పోలేదు. విశ్వాసానికీ వైద్యానికీ విరోధం లేదు.

ఇప్పుడు మన పని

నేడు తోటలు మారిపోయాయి. కొన్ని చోట్ల రబ్బరు పోయి పామాయిలు వచ్చింది. కొన్ని చోట్ల అదీ పోయి ఇళ్ళ స్థలాలయ్యాయి. పుట్టి పెరిగిన లైను ఇల్లు విడిచి మనవారు పట్టణాలలో అద్దె ఇళ్ళకు, అంతస్తుల ఇళ్ళకు చేరారు. లైనులో ఉన్నప్పుడు దగ్గు వినబడితే ప్రక్క ఇంటివారు వచ్చేవారు. అంతస్తుల ఇంట్లో తలుపు వేసుకుంటే ఎవరికీ తెలియదు. అప్పు, ఉద్యోగం, పిల్లల చదువు, వృద్ధాప్యం అన్న దిగుళ్ళు పేర్లు మార్చుకొని మళ్ళీ వచ్చాయి. వాటికి కావలసిన ఆదరణ మాత్రం మారలేదు.

కాబట్టి మూడు పనులు చేయాలని మేము కోరుతున్నాము. ఒకటి: మీ ఇంట్లో తాతగారో, అమ్మమ్మగారో పాడే పాట క్రైస్తవ కీర్తన అయినా, రామ కీర్తన అయినా, అది పూర్తిగా గుర్తున్నప్పుడే వారి ప్రక్కన కూర్చొని వ్రాసుకోండి. మరచిన మాటలను వెతికి నింపి, తిరిగి వారికి చదివి వినిపించండి. రెండు: తోటల శ్మశానాలలో ఉన్న సమాధుల మీది తెలుగు, తమిళ పేర్లను, తేదీలను భూమి చేతులు మారకముందే వ్రాసి పెట్టండి. రైలు పనికి వెళ్ళి తిరిగిరానివారికి సమాధి కూడా లేదు. వారి పేర్లు మీ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే వాటిని కూడా చేర్చండి. మూడు: మన తెలుగు తరగతులలో పిల్లలకు అక్షరాలు వచ్చిన వెంటనే వారిని ఒక పెద్దవారి దగ్గరకు తీసుకువెళ్ళి, ఆ పెద్దవారు కోరిన పుస్తకం చదివించండి. బైబిలు అడిగితే బైబిలు, భాగవతం అడిగితే భాగవతం. పిల్లవాడు తడుముకుంటూ చదివినా సరే, మంచంలో ఉన్నవారికి అది తమ భాషలో వినబడితే చాలు.

నెల్లూరువారు నేటాలుకు ఒక రంగయ్యగారిని పంపారు. మన దగ్గరకు ఎవరో వస్తారని ఎదురుచూడనక్కరలేదు. బస్సు ఎక్కితే అరగంటలో చేరే దూరంలోనే మన పెద్దలు ఉన్నారు. ఈ వారమే వెళ్ళవచ్చు.